దుప్పటి అబ్బాయి కోసం ప్రార్థన

ఈమధ్య కొందరు ఓపికగలవాళ్లు పాత హాలోవీన్ కార్టూన్లు వెతికి పోగేస్తున్నారు. అక్టోబరు చివర్లో అమెరికా పిల్లలు దయ్యాల వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడిగే పండగ ఉంది చూడండి, దానికోసం తీసి, ఏడాదికోసారి వేసి, తర్వాత అందరూ మరిచిపోయిన అరగంట బొమ్మల కథలవి. నేనూ ఆ గుంపులో చేరి నాకు గుర్తున్న ఆనవాళ్లు చెప్పాను: తెల్లదుప్పటి కప్పుకున్న పిల్లవాడు, సమాధుల తోట, తాళం పడిన గేటు. "అలాంటివి కుప్పలున్నాయండీ, ముగింపు చెప్పండి, పట్టేస్తాం" అన్నారు. ముగింపు నాకు సరిగ్గా తెలిసుంటే ఆ అక్టోబరు మా ఇంట్లో అంత గడ్డుగా గడిచేదే కాదు.

అవి తొంభైల నడిమి సంవత్సరాలు. నాన్నగారు యూనివర్సిటీలో గుమాస్తా. క్యాంపస్‌లోనే పై అంతస్తు క్వార్టర్. అమ్మ తార్నాకలో ఒక స్కూల్లో టీచరు. నేను ఆరో తరగతి, చెల్లి ఒకటో తరగతి. మాది యాంటెనా ఇల్లు, కింది వాటా ఆంటీ వాళ్లది కేబుల్ ఇల్లు. రెండు కుటుంబాలూ కోస్తా నుంచి వచ్చినవే. దేవుళ్లు వేరు, గోంగూర ఒకటే. అందుకని సాయంత్రం స్కూలు బట్టలు మార్చుకుని మేమిద్దరం కిందకి దిగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. షరతు ఒకటే. దీపాలు పెట్టే వేళకి పైకొచ్చెయ్యాలి, కుటుంబ ప్రార్థన ఉంటుంది.

ఆ రోజు కార్టూన్ ఛానల్లో మామూలు ఎలకా పిల్లీ పరుగులు కాక కొత్తదేదో మొదలైంది. గుమ్మడికాయకి కళ్లూ పళ్లూ చెక్కి, లోపల కొవ్వొత్తి పెట్టి, ఇంటి ముందు కూర్చోబెట్టారు. ఆంటీ తన గుమ్మానికి వేలాడుతున్న బూడిద గుమ్మడికాయ వంక ఓసారి చూసి, "వీళ్లకీ దిష్టి తగులుతుందన్నమాట, పాపం" అంది.

నా ఇంగ్లీషు మీడియం అప్పటికి మీడియంగానే ఉండేది. మాటలు పట్టుబడలేదు గాని బొమ్మల్ని బట్టి కథ తెలిసింది. పిల్లవాడొకడు దుప్పటికి రెండు కన్నాలు చేసి కప్పుకున్నాడు. జారిపోకుండా గడ్డం కింద ముడి వేసుకున్నాడు. మిఠాయిలు అడుగుతూ తిరుగుతుంటే గాలికి నెత్తి మీది టోపీ ఎగిరి సమాధుల తోటలో పడింది. వాడు లోపలికెళ్లాడు. కాపలావాడు చూసుకోకుండా గేటుకి తాళం వేసి వెళ్లిపోయాడు. అప్పుడు సమాధుల్లోంచి నిజం దయ్యాలు లేచాయి. అన్నీ పిల్ల దయ్యాలే. దుప్పటి చూసి వీణ్ణి తమ వాడే అనుకున్నాయి. చుట్టూ చేరి ఆడుతున్నాయి, ముద్దు చేస్తున్నాయి, పోనివ్వడం లేదు. తను మనిషినని చూపిద్దామంటే ముడి ఊడదు. వాడు గేటు పట్టుకుని ఊపాడు.

కరెంటు పోయింది.

చీకట్లో చెల్లి నా చెయ్యి పట్టుకుంది. కరెంటు వచ్చేసరికి కార్టూన్ల ఛానల్ దుకాణం కట్టేసి, నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమాల దుకాణం తెరిచింది. రోజూ సాయంత్రం అంతే. తెర మీద మీసాలాయన ఒకడు సిగరెట్టు వెలిగించుకుంటున్నాడు. చెల్లి ఆయన్ని పైనుంచి కిందకి చూసి నా చెవిలో అడిగింది.

"అక్కా, అంతసేపూ లోపలే ఉండిపోయి పెద్దాడైపోయాడా?"

నేను నవ్వాను. అది నవ్వలేదు.

ఆ రాత్రి నుంచీ మా ఇల్లు మా ఇల్లులా లేదు. బాత్రూం తలుపు ఎవరు గడియ పెట్టుకున్నా చెల్లి బయట నిలబడి కొట్టేది. అన్నం సగంలో ఆపేది. అర్ధరాత్రి లేచి కూర్చుని "ఇంకా అక్కడే ఉన్నాడు" అనేది. నిజానికి సమాధులంటే దానికి భయం ఎప్పుడూ లేదు. ఏటా నవంబరు మొదట్లో సమాధుల పండగకి చర్చి వాళ్లందరితో కలిసి వెళ్లి, సున్నం వేసిన సమాధుల మీద బంతిపూలు పరిచి కొవ్వొత్తులు వెలిగించే పిల్ల. అక్కడ దానికి తెలిసినవి జంతికలు, చుట్టాలు, పరుగులు. గేటుకి తాళం వేస్తారన్న సంగతే కొత్త.

"అవి బొమ్మలే పిచ్చీ, ఎవరో గీసినవి" అన్నాను.

"బొమ్మలని నాకూ తెలుసు. బొమ్మైతే మాత్రం రాత్రంతా అక్కడే ఉండాలా?"



ఆదివారం చర్చిలో ప్రసంగం అయ్యాక ప్రార్థన మనవుల సమయం ఉంటుంది. ఎవరికే కష్టముంటే వాళ్లు లేచి చెప్పుకుంటారు, సంఘమంతా కలిసి ప్రార్థన చేస్తుంది. ఒకరిది మోకాలు, ఒకరిది ప్రమోషను, ఒకరి కొడుకుది ఇంటర్ లెక్కల పరీక్ష. అమ్మ పాటలు పాడేవాళ్లతో ముందు కూర్చుంది. నాన్నగారు మగవాళ్ల వైపు. నేనూ చెల్లీ చాప మీద. నా పక్కనున్న చోటు ఖాళీ అయిందని తెలిసేలోపు అది నిలబడింది.

"ఒక అబ్బాయి సమాధుల తోటలో ఉండిపోయాడండి. బయటికి రాలేకపోతున్నాడు. లోపల దయ్యాలు వదలట్లేదు. వాడి కోసం ప్రార్థన చెయ్యండి."

 ఇంకెక్కడైనా అయితే ఎవరో ఒకరు "ఏ సినిమాలో అమ్మా?" అనేవారు. మా వాళ్లు అనరు. బైబిల్లో దయ్యాలు పట్టి, ఒంటి మీద బట్ట లేకుండా సమాధుల మధ్య తిరిగిన మనిషి కథ మాకందరికీ ఆదివారపు బడిలోనే తెలుసు. బొమ్మలు అతికించిన అట్టతో సహా నేర్పించారు. అలాంటివాడు ఇప్పుడు తార్నాక దరిదాపుల్లో ఎక్కడో ఉన్నాడన్నమాట. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, కళ్లద్దాలు తీశారు.

"చిన్నబిడ్డకి దేవుడు ఎంత భారం ఇచ్చాడో చూడండి. సంఘమా, మోకరిద్దాం."

భారం చెల్లికిచ్చాడు, మోత నాకిచ్చాడు. అందరూ మోకాళ్ల మీదికి దిగుతుంటే నేను లేచి చెప్పొచ్చు. కానీ మోకరించిన మనుషుల మధ్య నిలబడి కార్టూన్ మాట ఎత్తే ధైర్యం పెద్దవాళ్లకైనా ఉంటుందా? నా వెనక లాలాగూడ రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చే మామ్మ మోకరించింది. పడుచు వయసులో ఊరూరా తిరిగి సువార్త పని చేసిన మనిషి. సంఘంలో ఎవరికే ఆపదొచ్చినా ముందు ఆవిడే అన్నం మానేసేది. ఆ రోజూ గట్టిగా, ఏడుస్తూ, "ఆ పిల్లాణ్ణి ఇంటికి చేర్చు తండ్రీ" అంది.

బయటికొచ్చాక నాన్నగారి చుట్టూ జనం. "మీ అమ్మాయిది గొప్ప హృదయం అండీ." నాన్నగారు సగం గర్వంగా, సగం అయోమయంగా చెల్లిని అడిగారు.

"ఎవరమ్మా ఆ అబ్బాయి?"

"దుప్పటి అబ్బాయి."

"అయ్యో, ఒంటి మీద బట్టలు కూడా లేవా?" అన్నారెవరో వెనక నుంచి.

ఆ రాత్రి వంటింట్లో అమ్మకి చెప్పేశాను. అమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని, పొయ్యి గట్టు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"మామ్మ ఉపవాసం మొదలెట్టిందటే. షుగరు మనిషి."

"చెప్పేద్దామా అమ్మా?"

"ఎవరికి? ఏమని? మీ నాన్నగారు రేపు ఆఫీసులో తలెత్తుకోగలరా?" కాసేపు గిన్నె తోమిందే తోమింది. "మామ్మకి నేనేదో చెప్పి పూట పూటా గంజయినా తాగిస్తాను. మీ చెల్లి సంగతే నాకు దిగులు. నిన్న పడుకునేటప్పుడు ఏమందో తెలుసా? వాడు బయటికి రాకపోతే ఇంక ప్రార్థనే చెయ్యనంది."

మా ఇంట్లో ఆ మాట ఎంత బరువో చెప్పడం కష్టం. అన్నం తిననంటే అమ్మ తినిపించగలదు. స్కూలుకి వెళ్లనంటే నాన్నగారు సైకిలెక్కించగలరు. ఇది ఎవరూ చేయించగలిగింది కాదు.

అదృష్టం, అదే కథ శనివారం సాయంత్రం మళ్లీ వేస్తామని ఛానల్ వాళ్లు చెప్పారు. దురదృష్టం, శనివారం సాయంత్రం మా ఇంట్లోనే గృహకూటం, అంటే సంఘం వాళ్లు ఒకరింట్లో చేరి చేసుకునే ప్రార్థన. ఆ రెండూ ఒకే వేళకి. "మొదటి పాట అవగానే మెల్లిగా దిగిపొండి, నేను చూసుకుంటా" అంది అమ్మ. టీచరు కదా, పిల్లల్ని క్లాసు ఎగ్గొట్టించడం ఆమెకి అదే మొదటిసారి అనుకుంటాను.

శనివారం మధ్యాహ్నం కిందకి వెళితే బొమ్మ లేదు, టీవీ నిండా చుక్కల ఇసక.

"పొద్దున్నుంచీ ఇంతే" అంది ఆంటీ. "మీ అంకుల్ వచ్చాక చెప్తాలే."

అంకుల్ వచ్చేదాకా ఆగితే ఆ పిల్లవాడి పని అంతే. క్యాంపస్ రోడ్డు పొడుగునా పరిగెత్తుకుంటూ తార్నాక కేబుల్ దుకాణానికి వెళ్లాను. కేబుల్ అన్న వైరు చుట్ట భుజానేసుకుని ఎటో బయల్దేరుతున్నాడు.

"ఏంది పాపా, గట్ల ఉరుకుతున్నవ్?"

"అన్నా, కార్టూన్ ఛానల్ రావట్లేదు. ఇసకొస్తోంది."

"గదా? రేపు జూస్త. ఇయ్యాల వేరే లైన్ పని ఉన్నది."

"రేపొద్దన్నా, ఇవాళ సాయంత్రమే కావాలి. దానికోసం మా చర్చి అంతా ప్రార్థన చేస్తోంది."

అన్న ఆగాడు. "కార్టూన్ కోసమా?"

"అవును."

"మీ పాస్టర్ సాబ్ గూడనా?"

"ఆయనే ఎక్కువ."

అన్న వైరు చుట్ట ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. "నా లైన్ ఖరాబైతే తిట్టేటోళ్లే గానీ ప్రార్థన జేసేటోళ్లు ఇప్పటిదాంక దొరకలే. నడువు, వస్తున్న."

స్తంభమెక్కాడు, దిగాడు, ఇంకో స్తంభమెక్కాడు. సాయంత్రానికి ఇసక పోయి బొమ్మ వచ్చింది. రంగులు కాస్త పక్కకి జరిగి, ప్రతి బొమ్మకీ ఒక నీడ దయ్యం తగులుకుంది గాని, ఆ కథకది లోపం కాదు.

కూటానికి జనం మామూలుకన్నా ఎక్కువ వచ్చారు. లాలాగూడ నుంచి మామ్మ, బౌద్ధనగర్ నుంచి రెండు కుటుంబాలు. మొదటి పాట అయింది. అమ్మ నా వంక చూసి కనుసైగ చేసింది. చెల్లి చెయ్యి పట్టుకుని లేచాను. గుమ్మం దాకా వెళ్లాం.

"ఆగమ్మా" అన్నారు అయ్యగారు. "చిన్నబిడ్డని ఇలా తీసుకురా. ఆ అబ్బాయి కోసం ఇవాళ ప్రత్యేకంగా ప్రార్థన చేద్దాం."

చెల్లిని గది నడుమ చాప మీద కూర్చోబెట్టారు. అయ్యగారు దాని తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. చెల్లీ నేనూ మాత్రం ఒకరినొకరం చూసుకుంటున్నాం. కింద నుంచి ఆ మొదటి సంగీతం వినిపించింది, గుమ్మడికాయలో కొవ్వొత్తి వెలిగేటప్పటిది.

అయ్యగారి ప్రార్థన సృష్టి ఆరంభం నుంచి మొదలవుతుంది. జలప్రళయం దాటేసరికి కింద గాలి హోరు. టోపీ ఎగిరిపోయిందన్నమాట. అయ్యగారు ఎర్రసముద్రం చేరుకున్నారు. కింద గేటు గొళ్లెం కిర్రుమంది.  చెల్లి తల కొంచెం కిందకి జారించి చూసింది. అయ్యగారి చెయ్యి కూడా దానితో పాటే జారింది. చుట్టూ "అవును తండ్రీ, అవును తండ్రీ" అని మూలుగులు. కింద పిల్ల దయ్యాల కిలకిలలు. ఏ అబ్బాయి కోసం ఇక్కడ ఇంత మొర పెడుతున్నామో ఆ అబ్బాయి సరిగ్గా మా కాళ్ల కింద ఒక శ్లాబు దూరంలో గేటు పట్టుకుని ఊపుతున్నాడు. ఈ ప్రార్థన ఆగితే గాని వాడికేమైందో మాకు తెలియదు.

చెల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. దాన్ని చూసి మామ్మ ఇంకా గట్టిగా ఏడ్చింది. మామ్మని విని అయ్యగారికి ఇంకా ఊపు వచ్చింది. ఆయన ప్రవక్తల దగ్గరికి వచ్చి, ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగారు.

"ఆమెన్!" అంది అమ్మ.

పిల్లల అల్లరి అణిచే క్లాసు గొంతు అది. దానికి ఎదురుండదు. గదిలో అందరూ అలవాటు కొద్దీ "ఆమెన్" అనేశారు. సంఘమంతా ఆమెన్ అన్నాక అయ్యగారు మాత్రం ఏం చేస్తారు? ఆయనా అన్నారు, కొంచెం ఆలస్యంగా, కొంచెం బాధగా. చెయ్యి లేచింది. చెల్లి ఆ చెయ్యి కింద నుంచి బాణంలా దూసుకుపోయింది.

మెట్లు దిగామో దూకామో. ఆంటీ గుమ్మంలో పడేసరికి తెర మీద తెల్లారుతోంది. పిల్లవాడు వాళ్లింటి మెట్ల మీద కూర్చున్నాడు. దుప్పటి పక్కన మడతపెట్టి ఉంది. మిఠాయి తింటున్నాడు. బొమ్మ దూరమైంది, పేర్లు పడ్డాయి, అయిపోయింది.

"ఎలా వచ్చాడాంటీ?" అన్నాను రొప్పుతూ.

"అయ్యో, నేను పొయ్యి మీద పాలు చూసుకోడానికెళ్లానే" అంది ఆంటీ. "వచ్చేసరికి ఇంట్లో ఉన్నాడు."

చెల్లి ఆ ఖాళీ తెర వైపే చూస్తూ నిలబడింది. తర్వాత నేల మీద చతికిలబడి, ఇన్నాళ్లదీ ఒక్కసారిగా ఏడ్చింది.

మర్నాడు చర్చిలో సాక్ష్యాల సమయం. ప్రార్థనకి జవాబు దొరికినవాళ్లు లేచి చెప్పాలి. దాని గౌను వెనక నుంచి పట్టుకున్నాను, గుడ్డ నా చేతిలోంచి జారిపోయింది.

"అబ్బాయి బయటికొచ్చేశాడండి."

"స్తోత్రం!" అన్నారు అందరూ.

"వాళ్లింటి మెట్ల మీద కూర్చుని మిఠాయి తింటున్నాడు."

"స్తోత్రం!"

అయ్యగారు ముందుకి వంగారు. "ఎలా వచ్చాడమ్మా?"

"చూడలేదండి. అప్పుడు మీరు నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తున్నారు."

"ఆ గడియలోనే!" అన్నారొక పెద్దాయన. ఇక చర్చి కప్పు లేచిపోయిందనుకోండి. చప్పట్లు, కన్నీళ్లు. ఎవరో తంబురా అందుకున్నారు. నేను మాత్రం తర్వాతి ప్రశ్న కోసం చూస్తున్నాను. వచ్చింది.

"ఆ కుటుంబం ఎక్కడుంటారమ్మా? మనమంతా వెళ్లి పలకరించొద్దాం."

"కింది ఆంటీ వాళ్ల టీవీలో."

ఫ్యాను తిరిగే చప్పుడు అంతకుముందెప్పుడూ వినలేదు నేను. నాన్నగారు ఆ ఫ్యాను వంకే చూస్తున్నారు, దాని మరమ్మతు తనకే అప్పగించినట్టు. అమ్మ పాటల పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకుంది. అయ్యగారు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. చెల్లి అందరి మొహాలూ చూసింది. తను చెప్పిన దాంట్లో ఏది తప్పో దానికి అర్థం కాలేదు, తప్పేదో జరిగిందని మాత్రం అర్థమైంది. దాని మొహం ముడుచుకుపోవడం చూశాను. ఇప్పుడు ఎవరు నవ్వినా, ఎవరు కసిరినా, ఈ పిల్ల ఇంక జన్మలో నోరు విప్పి దేవుణ్ణి ఏమీ అడగదు. అది నాకు స్పష్టంగా తెలిసింది.

చాప మీద నుంచి మామ్మ లేచింది. మోకాలి మీద చెయ్యి ఆన్చి, మెల్లిగా. వచ్చి చెల్లి ఎదురుగా నిలబడింది.

"బొమ్మలబ్బాయా?"

"అవును మామ్మా."

"ఎన్నాళ్లు లోపలున్నాడో పాపం."

"రాత్రంతా."

"మరి వచ్చేశాడుగా? నువ్వు కళ్లారా చూశావుగా?"

"చూశాను."

మామ్మ అయ్యగారి వైపు తిరిగింది. "ఇంకేం కావాలండీ అయ్యగారూ? పిల్లాడు ఇల్లు చేరాడు. పాటెత్తండి."

అయ్యగారు పాటెత్తారు. శ్రుతి కలవలేదు గాని, ఎవరూ పట్టించుకోలేదు.

ఆరాధన అయ్యాక మామ్మ చెల్లిని వరండాలో పక్కన కూర్చోబెట్టుకుని కథంతా మొదటి నుంచీ చెప్పించుకుంది. గేటు దగ్గరికి వచ్చేసరికి చెల్లి ఆగింది.

"ఇక్కణ్ణుంచి చూడలేదు మామ్మా."

"చూడకపోతే ఏం? ఎలా వచ్చుంటాడంటావు?"

చెల్లి చర్చి గేటు వంక చూసింది. "వాళ్లమ్మ గేటు దగ్గరికొచ్చి అన్నానికి పిలిచుంటుంది. దయ్యాలు భయపడుంటాయి."

"అమ్మలంటే ఎవరికి భయముండదు?" అంది మామ్మ, మా అమ్మ వంక చూస్తూ. ఆమెన్ సంగతి ఆవిడకి తెలుసని అప్పుడర్థమైంది.

 ఇల్లు చేరాక, నాన్నగారు గుమాస్తా కాబట్టి గుమాస్తా భాషలోనే అన్నారు. "చూడమ్మా, ఇకమీదట ఏ మనవైనా త్రూ ప్రాపర్ ఛానల్ రావాలి. ముందు నాకు చెప్పాలి."

"ఏ ఛానల్ నాన్నగారూ?" అంది చెల్లి.

ఆ వారమంతా అది కుటుంబ ప్రార్థనలో కళ్లు మూసుకునేది గాని పెదవి కదిపేది కాదు. అమ్మ దాన్ని ఓరకంట చూస్తుండేది. మామ్మ మాటతో ఆ చర్చి నోరు మూసుకుంది, నిజమే. చెల్లి లోపల ఏం జరిగిందో మాకెవరికీ తెలియదు.

తర్వాతి ఆదివారం మనవుల సమయంలో మోకాళ్లూ, ప్రమోషన్లూ అయ్యాయి. అయ్యగారు "ఇంకెవరైనా?" అన్నారు, మా చాప వైపు చూడకుండా. చెల్లి లేచింది. నాన్నగారు గట్టిగా కళ్లు మూసుకున్నారు. ప్రార్థన ఇంకా మొదలవలేదు.

"వాడొచ్చేశాడు గాని" అంది చెల్లి, "ఆ పిల్ల దయ్యాలు గేటు లోపలే ఉండిపోయాయండి. వాటిని ఎవరూ అన్నానికి పిలవలేదు. వాటి కోసం ప్రార్థన చెయ్యండి."

దయ్యాల కోసం ప్రార్థన చెయ్యొచ్చా కూడదా అని అయ్యగారు ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. వెనక చాప మీద మామ్మ అప్పటికే మోకరించింది.